పారిజాతం

పారిజాతం సాయంసంధ్య దాటాక విచ్చుకొని తెల్లవారేసరికి నేలరాలే సువాసన పూలను పూసే ఆకురాల్చు పెద్ద పొద. అనుకూలమైన చోట ఇది చిన్న చెట్టుగా కూడా ఎదుగుతుంది. భారత ఉపఖండానికీ ఆగ్నేయాసియాలోని కొన్ని ప్రాంతాలకూ చెందిన ఈ స్వదేశీ మొక్కకు తెలుగులో పగడమల్లె అనే పేరు కూడా ఉంది. శాస్త్రీయ నామం నిక్టాంథెస్ ఆర్బర్-ట్రిస్టిస్. ఏడాదిలో ఒక నియత కాలంలో ఆకులన్నిటినీ, లేదా వాటిలో అధిక భాగాన్ని రాల్చి, కొంత కాలం విశ్రమించి, తిరిగి చిగిర్చే మొక్కలను వృక్షశాస్త్రంలో ఆకురాల్చు మొక్కలంటారు. పారిజాతం వానాకాలంలో కొత్త రెమ్మలు వేసి, శరదృతువులో ఆ రెమ్మల చివరనే పూసి, వేసవి ముంగిట ఆకు దులుపుకొంటుంది. ఇంటితోటలో దీని పెంపకానికి సంబంధించిన మెళకువలన్నిటికీ, అంటే నాటే చోటుకూ నీటి తడికీ కత్తిరింపు వేళకూ, ఈ సంవత్సర చక్రమే ఆధారం.

పేర్లు, పోలికలు

సంస్కృత నిఘంటువులలో శేఫాలిక అని కనిపించే ఈ మొక్కను బెంగాలీలో శిఉలి అనీ, హిందీలో హర్‌సింగార్ అనీ, తమిళంలో పవళమల్లి అనీ, కన్నడంలో పారిజాత అనీ పిలుస్తారు. తెల్లని రేకులకు పగడపు రంగు కాడ ఉండటమే తెలుగు, తమిళ నామాలకు మూలం. ఐరోపా వారి రచనలలో దీని ప్రస్తావన 16వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో వెలువరించిన ఔషధ గ్రంథంలో దీనిని పగలు పూలన్నీ రాల్చుకొని నిలిచే విషాద వృక్షంగా వర్ణించాడు. కొచ్చిలో డచ్చి పాలనాధికారిగా పనిచేసిన హెండ్రిక్ వాన్ రీడ్ ఆధ్వర్యంలో 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా వెలువడిన హోర్తుస్ మలబారికుస్ మొదటి సంపుటంలోనూ దీని చిత్రం చోటు చేసుకొంది. కార్ల్ లిన్నేయస్ 1753లో ఈ జాతికి నేటి శాస్త్రీయ నామాన్ని స్థిరపరచినప్పుడు ఆ పాత విషాద వృక్షమనే భావననే లాటిన్‌లో నిలిపాడు.

పారిజాతం అనే పేరు వేరే మొక్కలకు కూడా వాడుకలో ఉండటం వల్ల నర్సరీలో మొక్క కొనేటప్పుడు పొరపాటు జరిగే అవకాశముంది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింతూర్‌లో పారిజాత వృక్షంగా పూజలందుకొనే మహావృక్షం నిజానికి ఆఫ్రికా మూలాలున్న బొబాబు చెట్టు. హైదరాబాదు గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ కా ఝాడ్ పేరుతో ప్రసిద్ధమైన చెట్టుదీ ఇదే జాతి. రాత్రి వేళ ఘాటుగా పరిమళించే రాత్రిరాణిని కూడా కొందరు పారిజాతంగా భ్రమపడతారు గానీ, అది అమెరికా ఉష్ణమండలానికి చెందినది, వంగ, టమాటాల కుటుంబంలోనిది. దాని పూలు సన్నని లేతాకుపచ్చ గొట్టాల వలె ఉండి గుత్తులుగా వేలాడతాయి. పలకలు తేలిన లేత కొమ్మలు, చేతికి గరుకుగా తగిలే ఎదురెదురు ఆకులు అసలు పారిజాతాన్ని పూత లేని కాలంలో కూడా గుర్తుపట్టడానికి తోడ్పడతాయి.

వర్గీకరణ, స్వరూపం

ఈ మొక్కను కొందరు శాస్త్రజ్ఞులు వావిలితో పోలిక గల వెర్బెనేసి కుటుంబంలో చేర్చగా, మరికొందరు మల్లె, జాజి, ఆలివ్ మొక్కలు చేరిన ఓలియేసి కుటుంబంలో ఉంచారు. 2000 సంవత్సరంలో ప్రచురితమైన డి.ఎన్.ఏ. ఆధారిత వర్గీకరణ దీనిని ఓలియేసిలోనే, మిక్సోపైరీ అనే చిన్న తెగలో స్థిరపరచింది. ఆ విధంగా పగడమల్లె మల్లెకు పేరులోనే కాక వంశంలో కూడా బంధువైంది. నిక్టాంథెస్ ప్రజాతిలో దీనితో కలిపి రెండే జాతులున్నాయి.

పారిజాతం సాధారణంగా 2 నుంచి 4 మీటర్ల ఎత్తు పొదగా ఉంటుంది. కత్తిరించకుండా వదిలితే 10 మీటర్ల దాకా ఎదగగలదు. బెరడు బూడిద రంగులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా పుడతాయి. వృక్షశాస్త్రంలో ఈ అమరికను అభిముఖ పత్రవిన్యాసం అంటారు. ఆకు 6 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుండి, మొన తేలి, అంచు నునుపుగా గానీ అక్కడక్కడ రంపపు పళ్లతో గానీ ఉంటుంది. దాని ఉపరితలం మీది బిరుసైన నూగు ఆకును ఎంత గరుకుగా చేస్తుందంటే, పూర్వం చెక్క సామాను నునుపు చేయడానికి గరుకు కాగితానికి బదులు దీనిని వాడేవారు.

పూలు రెమ్మల చివరన, ఆకుల పంగలలో చిన్న గుంపులుగా, ఒక్కో గుంపులో 3 నుంచి 7 వరకు పూస్తాయి. అడుగున నారింజ రంగు గొట్టమూ, పైన 5 నుంచి 8 దాకా తెల్లని తమ్మెలూ ఉండే భాగాన్ని ఆకర్షణ పత్రావళి అంటారు. తమ్మెలన్నీ ఒకే దిశలో మెలిదిరిగి ఉండటం ఈ పువ్వు ప్రత్యేకత. రెండే ఉండే కేసరాలు గొట్టం లోపలి గోడకు అతుక్కొని ఉంటాయి. తెల్లవారుజామున నేలరాలేది కేసరాలతో కూడిన ఆకర్షణ పత్రావళి మాత్రమే; పచ్చని రక్షక పత్రావళి, దానిలోని అండాశయం కొమ్మకే నిలిచి ఉండి, పరాగ సంపర్కం జరిగిన పక్షంలో కాయగా మారతాయి. అందుచేత రాలిన పూలను ఎంతగా ఏరినా మొక్క సంతానోత్పత్తికి ఏ నష్టమూ ఉండదు. తెల్లని రంగు, రాత్రి సువాసన, గొట్టపు ఆకారం నిశాచర చిమ్మటలను ఆకర్షించే పూలలో తరచుగా కనిపించే లక్షణాలు. కాయ సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పున బిళ్ల వలె చదునుగా ఉండి, పండి ఎండాక రెండు భాగాలుగా విడిపోతుంది. ఒక్కో భాగంలో ఒక్కొక్క గింజ ఉంటుంది.

సహజ ఆవాసం, సంవత్సర చక్రం

హిమాలయాల దిగువ కొండల నుంచి అస్సాం, బెంగాల్, మధ్యభారతం మీదుగా దక్షిణాన గోదావరి దాకా పారిజాతం అడవి మొక్కగా వ్యాపించి ఉంది. దేశం వెలుపల నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, ఇండోనేసియాలలో కూడా కనిపిస్తుంది. పొడి ఆకురాల్చు అడవులలో, ముఖ్యంగా మట్టి పొర పలుచగా ఉండే రాతి వాలులలో ఇది గుంపులు గుంపులుగా పెరుగుతుంది. వాలు మీద వాన నీరు నిలవదు. వేసవిలో తేమ దాదాపు ఉండదు. పైనున్న చెట్లు ఆకు రాల్చిన నెలలలో ఎండ సూటిగా పడుతుంది. మొదలంటా నరికినా మోడు నుంచి తిరిగి చిగిర్చే శక్తి, పశువులూ మేకలూ సాధారణంగా ముట్టని చేదు ఆకు దీనిని ఇటువంటి చోట నిలబెట్టాయి.

తొలకరితో చిగిర్చిన మొక్క వానాకాలమంతా ఆకునూ రెమ్మనూ పెంచుకొంటుంది. శ్రావణ భాద్రపదాలలో మొగ్గ తొడిగి, ఆశ్వయుజ కార్తీకాలలో నిండుగా పూసి, మార్గశిరానికి పూత తగ్గిస్తుంది. చలికాలంలో కాయలు పండుతాయి, ఆకులు మెల్లగా పసుపెక్కి ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య రాలిపోతాయి. వేసవిలో కూడా తేమ అందే తోటలలో ఆకు రాలడం పూర్తిగా జరగదు. అటువంటి మొక్క పచ్చగా కనిపించినా విశ్రాంతి చాలక పూత పలుచబడే అవకాశముంటుంది. వేసవిలో మోడువారిన పారిజాతాన్ని చూసి ఎండిపోయిందని తలచి పీకివేయడం కొత్తగా పెంచేవారిలో తరచుగా జరిగే పొరపాటు. కొమ్మ బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే మొక్క బతికే ఉన్నట్లు.

చోటు, నేల

రోజుకు కనీసం ఐదారు గంటలు ఎండ తగిలే చోటు పారిజాతానికి తగినది. కొద్దిపాటి నీడను ఇది సహిస్తుంది గానీ, దట్టమైన నీడలో రెమ్మలు సన్నగా సాగి పూత తగ్గుతుంది. నీరు త్వరగా ఇంకే ఎర్రనేలలూ, ఇసుక కలిసిన గరప నేలలూ దీనికి మేలైనవి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ విస్తారంగా ఉన్న ఎర్రనేలలు అడవిలో ఇది పెరిగే నేలకు దగ్గరగా ఉంటాయి కనుక అక్కడ నేల తయారీ పెద్దగా అవసరం లేదు. కృష్ణా డెల్టాలోనూ, తేమను పట్టి ఉంచే నల్లరేగడి భూములలోనూ మాత్రం నేలమట్టం కన్నా ఒక అడుగు ఎత్తుగా గట్టు పోసి, ఆ మట్టిలో ముతక ఇసుకనూ మాగిన పశువుల ఎరువునూ కలిపి నాటడం అవసరం. లేకపోతే భాద్రపదపు ముసురులో వేళ్లు కుళ్లి, పూతకు వచ్చే వేళకే మొక్క వాలిపోతుంది. గోడకూ మొక్కకూ మధ్య కనీసం రెండు మీటర్లు విడిచిపెట్టడం కొమ్మలు విస్తరించడానికే కాక, రాలిన పూలను ఏరుకోవడానికి కూడా అనువు. పూల కోసమే పెంచేవారు మొక్క కింద పచ్చిక గానీ, అలికి ఊడ్చిన నేల గానీ ఉండేలా చూసుకొంటారు. రాత్రి పూట శుభ్రమైన వస్త్రం పరిచే అలవాటు కూడా చాలా ఇళ్లలో ఉంది.

మొక్కల ఉత్పత్తి

విత్తనం, కొమ్మ ముక్క, గాలి అంటు అనే మూడు పద్ధతులలో పారిజాతాన్ని పెంచవచ్చు. విత్తనంతో పెంచడం అన్నిటికన్నా సులభం. కొమ్మ మీదనే గోధుమ రంగుకు తిరిగిన కాయలను చలికాలం చివర సేకరించి, నీడన ఆరబెట్టి, రెండుగా విడదీసి, గింజలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, సమపాళ్లలో మట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపిన సంచులలో ఒక సెంటీమీటరు లోతున విత్తుతారు. కొత్త గింజలు పాతవాటికన్నా మెరుగ్గా మొలుస్తాయి. మొలకకు కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో మట్టి తడి ఆరకుండానూ, బురద కాకుండానూ చూడాలి. విత్తనపు మొక్కలు సాధారణంగా రెండు మూడేళ్లకు పూతకు వస్తాయి.

కొమ్మ ముక్కలను మొక్క విశ్రాంతిలో ఉండి చిగురు కదలబోయే ముందు తీయడం మంచిది. పెన్సిలంత లావున్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను మూడు నాలుగు కణుపులు ఉండేలా 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున కోసి, అడుగు కొసను ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కలిసిన వేళ్ల పొడిలో ముంచి, సగం భాగం ఇసుకలో దిగేలా గుచ్చి నీడలో ఉంచుతారు. ఈ మొక్క ముక్కలన్నీ వేళ్లు వేయవు కాబట్టి కావలసినదానికన్నా ఎక్కువ ముక్కలు నాటుకోవడం వాడుక. గాలి అంటు కట్టడమంటే కొమ్మను తల్లి మొక్క నుంచి వేరు చేయకుండానే ఒక చోట రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడు ఒలిచి, అక్కడ తడిపిన నాచునో కొబ్బరి పొట్టునో చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టడం. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానాకాలం దీనికి అనువైనది. వేళ్లు కాగితంలో నుంచి కనిపించాక కొమ్మను కోసి కుండీలోకి మారుస్తారు. ఇలా పెంచిన మొక్క విత్తనపు మొక్కకన్నా త్వరగా పూస్తుంది.

నాటడం, నీరు, ఎరువు

నాటడానికి మృగశిర కార్తె తరువాత, నేల చక్కగా తడిసిన రోజులు మేలు. పొడవు, వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగుల చొప్పున గుంత తవ్వి, పైమట్టితో రెండు మూడు గంపల మాగిన పశువుల ఎరువునూ రెండు గుప్పిళ్ల వేపపిండినీ కలిపి నింపి, సంచిలోని మట్టి గడ్డ చెదరకుండా మొక్కను నిలపాలి. మొదటి ఏడాది వేసవిలో వారానికి రెండు సార్లు తడి ఇవ్వడమూ, పాదులో ఎండుటాకులు పరచి తేమ ఆవిరి కాకుండా కాపాడటమూ తప్పనిసరి.

వేళ్లు లోతుకు దిగి స్థిరపడిన మొక్క విషయంలో పద్ధతి మారుతుంది. వానలు పడే నెలలలో దీనికి వేరే నీరు అక్కరలేదు. వానలు ఎడమిచ్చినప్పుడూ, మొగ్గ తొడిగినప్పుడూ వారానికి ఒకసారి పాదు నిండా తడిపితే మొగ్గ రాలకుండా ఉంటుంది. పూత ముగిశాక తడులను క్రమంగా తగ్గించి, ఆకు రాలిన తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి మాత్రమే నీరివ్వడం సహజమైన ఎండు కాలాన్ని తోటలో కల్పించడంతో సమానం. ఎరువు కూడా చిగురు వేసే ముందు ఒకసారి, మొగ్గ పట్టే ముందు మరొకసారి ఇస్తే చాలు. నత్రజని అధికంగా ఉండే యూరియా వంటి ఎరువులు రెమ్మను ఏపుగా సాగదీసి ఆకుకే బలమిస్తాయి కనుక, రాతి వాలులలో బతకడానికి అలవాటుపడిన ఈ మొక్కకు మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ సరిపోతుంది.

కత్తిరింపు

పారిజాతం ఆ ఏడాది పుట్టిన కొత్త రెమ్మల మీదనే పూస్తుంది. పెంపకంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఈ విషయాన్ని గుర్తించకపోతే, ఏటికేడు పొడవు పెరిగి పూలన్నీ అందనంత ఎత్తున పూసే బోడి కాండాల మొక్క మిగులుతుంది. కాయలు రాలి ఆకు పలుచబడిన తరువాత, కొత్త చిగురు కదలక ముందే, అంటే ఫిబ్రవరి, మార్చి నెలలలో పక్క కొమ్మలను మూడో వంతు నుంచి సగం వరకు కత్తిరించడం సాధారణ పద్ధతి. ఎండిన కొమ్మలనూ, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలనూ మొదలు దగ్గర తీసివేస్తే పొద నడిమికి గాలీ వెలుతురూ ప్రసరిస్తాయి. ముదిరి మోడైన మొక్కను మోకాటి ఎత్తుకు నరికినా అది తిరిగి గుబురుగా చిగిర్చగలదు. ఆషాఢం దాటాక కత్తిరిస్తే మొగ్గ పట్టవలసిన రెమ్మలే పోయి ఆ ఏడాది పూత తగ్గుతుంది.

కుండీలలో పెంపకం

అడుగున నీరు పోయే రంధ్రాలున్న, కనీసం ఒకటిన్నర అడుగుల వెడల్పు గల కుండీలో పారిజాతాన్ని మేడ మీద కూడా పెంచవచ్చు. ఏటా చేసే కత్తిరింపుతో మొక్కను నాలుగైదు అడుగుల ఎత్తున నిలిపి, రెండు మూడేళ్లకు ఒకసారి వేళ్ల గడ్డ అంచులను కొంత కోసి, కొత్త మట్టి నింపుతారు. ఈ మొక్క గడ్డకట్టే చలికి తట్టుకోలేదు. అందుచేత శీతల దేశాలలో స్థిరపడిన తెలుగువారు దీనిని పెంచదలిస్తే కుండీలో పెంచి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయే కాలంలో ఇంటిలోకి చేర్చవలసి ఉంటుంది. అక్కడ ఆకు రాల్చిన మొక్కకు నీటి అవసరం బాగా తగ్గుతుంది కాబట్టి మట్టి పూర్తిగా ఎండిపోకుండా అరుదుగా తడిపితే చాలు.

చీడపీడలు

వానాకాలంలో నూగు గొంగళి పురుగులు కాండం మీద గుంపుగా చేరి ఆకులను తినివేయడం పారిజాతానికి కలిగే ప్రధానమైన బాధ. ఈ పురుగుల నూగు తగిలితే చర్మం దద్దురెక్కుతుంది గనుక వాటిని చేతితో తాకకుండా, గుంపుగా ఉన్నప్పుడే చీపురుతో సబ్బు నీటిలోకి రాల్చడం ఉత్తమం. పిండినల్లి కనిపించిన లేత కొమ్మలను తుంచివేసి, 5 శాతం వేపగింజల కషాయాన్ని పిచికారీ చేయాలి. గాలి ఆడని చోట ఆకుమచ్చ, బూడిద తెగుళ్లు సోకవచ్చు. వీటికి మందు కన్నా ముందు ఏటి కత్తిరింపు, రాలిన తెగులు ఆకుల తొలగింపు మేలు చేస్తాయి. రాత్రి పూసే పూలకు వచ్చే కీటకాలకు హాని కలగకుండా ఉండాలంటే పూత కాలంలో రసాయన పురుగుమందులకు దూరంగా ఉండటం మంచిది.

ఉపయోగాలు

పూల కాడకు నారింజ రంగునిచ్చేది క్రోసెటిన్ సంబంధమైన కెరోటినాయిడ్ వర్ణకం. కుంకుమపువ్వు రంగుకు కూడా ఈ వర్గపు పదార్థాలే కారణం. ఎండిన కాడలను వేడినీటిలో మరిగించి తీసిన రంగును పట్టు, నూలు వస్త్రాలకు అద్దేవారు. చూడటానికి అందమైనదైనా ఈ రంగు ఎండకూ ఉతుకుకూ త్వరగా వెలిసిపోతుంది. ఆయుర్వేదంలో దీని ఆకు కషాయాన్ని జ్వరాలకూ, గృధ్రసి అని వ్యవహరించే తుంటినరపు నొప్పికీ వాడుతారు. ఆకులలోనూ గింజలలోనూ ఇరిడాయిడ్ గ్లైకోసైడ్లు అనే చేదు పదార్థాలున్నట్లు రసాయన పరిశోధనలు గుర్తించాయి. పెరటి మొక్కే కదా అని మోతాదు తెలియకుండా సేవించడం మాత్రం తగదు. వైద్యుని సలహా అవసరం.

సాహిత్యం, ఆచారం

పురాణాలు పారిజాతాన్ని క్షీరసాగర మథనంలో పుట్టి ఇంద్రుని నందనవనం చేరిన దేవతా వృక్షంగా చెబుతాయి. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇవ్వగా సత్యభామ అలగడం, ఆమె కోసం ఆయన ఆ వృక్షాన్నే భూమికి తేవడం 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణము అనే ప్రబంధానికి ఇతివృత్తం. పురాణ వృక్షం ఈ పొదేనా అన్న విషయంలో భేదాభిప్రాయాలున్నా, తెలుగునాట లోకవ్యవహారం రెండింటినీ ఒకటిగానే భావిస్తుంది. నేలరాలిన పూలు పూజకు తగవన్న సాధారణ నియమానికి పారిజాతం మినహాయింపు. కొమ్మ నుంచి కోయక రాలినవాటినే ఏరి దేవునికి సమర్పించడం ఆచారం. పూత నిండుగా ఉండే కాలం కార్తీక మాసంతో కలవడం వల్ల ఆ నెల శివకేశవుల అర్చనలో ఈ పూలకు ప్రత్యేక స్థానం ఏర్పడింది. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం వద్ద వేంకటేశ్వరాలయమున్న గుట్ట పారిజాతగిరి పేరుతో ప్రసిద్ధి పొందింది. బెంగాల్‌లో ఇదే పూత దుర్గాపూజ రాకకు గుర్తు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం శిఉలిని రాష్ట్ర పుష్పంగా స్వీకరించింది.

ఇంటితోటలలో ఏడాది పొడవునా పూసే విదేశీ అలంకరణ మొక్కల వాడుక పెరిగినా, ఎరువు, నీరు, సంరక్షణ తక్కువ కోరే మొక్కగా పారిజాతానికి ప్రాధాన్యం తగ్గలేదు. నాలుగు నెలల పూత కోసం రెండు మూడు నెలల బోడి కొమ్మలను సహించగలిగినవారికి, వేసవి నీటి ఎద్దడి తప్పని తెలంగాణ, రాయలసీమ పట్టణాలలో ఇది ఎంతో అనువైన స్వదేశీ పూల పొద.